మిణుకుమంటే మానిటర్ పోయినట్టేనా?

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల బల్ల మీద ల్యాప్‌టాప్ పక్కన పెద్ద మానిటర్ ఉండటం మామూలైపోయింది. అది ఉన్నట్టుండి మిణుకుమన్నా, రెండు క్షణాలు నల్లబడి మళ్లీ వెలిగినా చుట్టూ ఉన్నవాళ్లంతా సలహాలు మొదలుపెడతారు. వాటిలో చాలావరకు జేబుకు చిల్లు పెట్టేవే.

అపోహ: తెర మిణుకుమంటోందంటే మానిటర్ పాడైనట్టే.

వాస్తవం: ముందు మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవండి. ఆ మెనూను గీసేది ల్యాప్‌టాప్ కాదు, మానిటర్ లోపలి సర్క్యూట్. వెనక బొమ్మ వణుకుతున్నా మెనూ నిలకడగా ఉందంటే ప్యానెల్, బ్యాక్‌లైట్ బాగానే ఉన్నట్టు. తేడా వచ్చే సిగ్నల్‌లో ఉంది. మెనూ కూడా వణికితే అప్పుడు మానిటర్‌నో, దాని అడాప్టర్‌నో అనుమానించండి.

విండోస్ వాడేవాళ్లు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ కూడా తెరిచి చూడాలి. చుట్టూ అంతా మిణుకుమంటున్నా అదొక్కటే కుదురుగా ఉంటే గొడవ ఏదో యాప్‌ది. అదీ మిణుకుమంటే డిస్‌ప్లే డ్రైవర్‌ది. మైక్రోసాఫ్ట్ తన వినియోగదారులకు చెప్పే పద్ధతే ఇది.

అపోహ: నిన్నటిదాకా బాగా పనిచేసిన కేబుల్‌కు ఏమవుతుంది?

వాస్తవం: నాకైతే మొదటి అనుమానం ఎప్పుడూ కేబుల్ మీదే. 1080పి బొమ్మను 60 హెర్ట్జ్‌లో పంపడానికి హెచ్‌డీఎంఐ తీగలో సెకనుకు సుమారు 4.5 గిగాబిట్లు పరిగెత్తితే చాలు. అదే 4కె అయితే దాదాపు 18 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణం పరిమితి 10.2 గిగాబిట్లే. 2013లో వచ్చిన 2.0తో అది 18కి చేరింది. పాత మానిటర్‌తో ఏళ్ల తరబడి పేచీ పెట్టని కేబుల్ కొత్త 4కె మానిటర్‌కు తగిలించగానే తడబడేది అందుకే.

దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు 60 నుంచి 30కి తగ్గించండి. మిణుకు ఆగిపోతే దారి ఇరుకైందని అర్థం. ఇది పరీక్షే, మందు కాదు; 30 హెర్ట్జ్‌లో మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడుస్తుంది. మధ్యలో టైప్-సి హబ్ ఉంటే దాన్ని తీసేసి నేరుగా కలిపి చూడండి. అప్పుడూ ఆగకపోతే ‘ప్రీమియం హై స్పీడ్’ అని ముద్రించిన పొట్టి కేబుల్ తెచ్చుకోండి. బంగారు పూత చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ పూత తుప్పును ఆపుతుంది, బొమ్మకు కొత్త మెరుపేమీ తేదు.

అపోహ: 60 హెర్ట్జ్ అంటేనే మిణుకు.

వాస్తవం: ఇది లావుపాటి సీఆర్‌టీ మానిటర్ల నాటి జ్ఞాపకం. అప్పట్లో 60లో కళ్లు నొప్పెడుతున్నాయని 75కో 85కో మార్చుకునేవాళ్లు. ఎల్‌సీడీలో తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఉన్నది అలాగే నిలిచి ఉంటుంది. పెట్టె మీద ‘ఫ్లికర్ ఫ్రీ’ అన్న మాట బ్యాక్‌లైట్ గురించి మాత్రమే. కేబుల్ లోపానికి అది పూచీ పడదు.

గేమ్స్ ఆడేటప్పుడు చీకటి దృశ్యాల్లో వెలుగు మాత్రమే హెచ్చుతగ్గులవుతుంటే అడాప్టివ్ సింక్‌ను, అంటే గేమ్ వేగాన్ని బట్టి రిఫ్రెష్ రేటును మార్చే సదుపాయాన్ని ఆపి చూడండి. ముఖ్యంగా వీఏ రకం ఎల్‌సీడీ ప్యానెళ్లలో ఈ బెడద ఉంది.

అపోహ: కుర్చీలోంచి లేస్తే మానిటర్ ఆరిపోతోందా? అంతా భ్రమ!

వాస్తవం: నమ్మశక్యంగా ఉండదు గానీ, నిజమే. గ్యాస్ సిలిండర్ మీద నిలిచే ఆఫీసు కుర్చీలోంచి లేచినప్పుడు, కూర్చున్నప్పుడు స్థిర విద్యుత్తు విడుదలై విద్యుదయస్కాంత తరంగం పుడుతుంది. వీడియో కేబుల్ దాన్ని పట్టుకుంటే తెర క్షణంసేపు నల్లబడుతుంది. డాకింగ్ స్టేషన్లకు చిప్‌లు చేసే డిస్‌ప్లేలింక్ సంస్థ సైతం ఈ సంగతిని తన సహాయ పత్రాల్లో ప్రస్తావించింది. గట్టి కవచం ఉన్న కేబుల్, లేదా చివర్లో ఫెరైట్ ముద్ద ఉన్నది వాడితే చాలావరకు తగ్గుతుంది. కుర్చీ మార్చే ముందు కేబుల్‌ను దాని దగ్గర్నుంచి పక్కకు జరిపి చూడండి.