బలం బిళ్ళలతో అలసట పోతుందా?

అలసట అందరికీ వస్తుంది. నాట్లు వేసిన రోజు నడుము లాగేస్తుంది. రాత్రి తిని పడుకుంటే తెల్లారేసరికి చాలావరకు తగ్గుతుంది. ఇది జబ్బు కాదు.

కానీ కొందరికి పడుకుని లేచినా అలసట పోదు. నెలలు గడిచినా పోదు. "తిండి బాగానే తింటోందిగా, ఏం రోగం?" అంటారు ఇంట్లోవాళ్ళు. "ఒళ్ళు వంగదు" అంటారు ఇరుగుపొరుగు. ఆమె మందుల షాపుకు పోయి బలానికి ఏదైనా ఇమ్మంటుంది. షాపులో ఒక డబ్బా ఇస్తారు. దాని మీద 'యాంటీ ఆక్సిడెంట్' అని రాసి ఉంటుంది. కూలి డబ్బులు దానికే పోతాయి.

ఈ యాంటీ ఆక్సిడెంట్ అంటే ఏంటి?

వంకాయ కోసి పెడితే కాసేపటికి నల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి అలా అవుతుంది. అందుకే ముక్కల్ని నీళ్ళలో వేస్తారు. ఆ నీళ్ళలో నిమ్మరసం పిండితే ఇంకా ఆలస్యంగా నల్లబడతాయి. మన ఒంట్లో కూడా ఆక్సిజన్ పని చేస్తూ ఉంటుంది. తిన్న తిండి శక్తిగా మారాలంటే ఆక్సిజన్ కావాలి. పొయ్యి మండేటప్పుడు నిప్పురవ్వలు ఎగిరినట్టు, ఆ పనిలో కొన్ని పదార్థాలు పుడతాయి. అవి ఎక్కువైతే ఒంటికి చేటు. వాటిని అణిచేవే యాంటీ ఆక్సిడెంట్లు. కొన్నిటిని ఒళ్ళు తానే తయారు చేసుకుంటుంది. కొన్ని తిండిలో వస్తాయి. ఉసిరికాయలో, జామకాయలో విటమిన్ సి మెండుగా ఉంటుంది. వేరుశనగ గింజల్లో విటమిన్ ఇ ఉంటుంది. డబ్బా కొంటేనే దొరికేవి కావు ఇవి.

మరి అలసట సంగతి ఏంటి? మన ఆడవాళ్ళలో మొదట చూడాల్సింది రక్తహీనత. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి సుమారు 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే, తెలంగాణలోనూ దాదాపు అంతే. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. గర్భిణులకు 11 ఉండాలి. తగ్గితే చాలామందికి కావాల్సింది ఐరన్. ఐరన్ బిళ్ళలు ప్రభుత్వ ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు. వాటిని టీతో మింగకూడదు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. థైరాయిడ్, షుగర్, క్షయ ఉన్నా అలసట ఉంటుంది. క్షయ ఉన్న మనిషి బలం డబ్బాలు వాడుతూ కూర్చుంటే లోపల జబ్బు ముదిరిపోతుంది.

నీరసమని సెలైన్ ఎక్కించుకునే వాళ్ళు కూడా ఉన్నారు. అరలీటరు గ్లూకోజ్ సీసాలో సాధారణంగా ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే ఐదారు చెంచాలు!

ఒక్కోసారి పరీక్షలన్నీ చేసినా ఏమీ తేలదు. అలాంటి వాళ్ళలో కొందరికి ఉండే జబ్బు పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. విడవని అలసట జబ్బు అనుకోవచ్చు. చాలామందికి ఏదో జ్వరం వచ్చి తగ్గాక మొదలవుతుంది. కోవిడ్ తర్వాత కూడా కొందరికి వచ్చింది. రెండు బిందెల నీళ్ళు మోసినా సరే, మర్నాడో ఆ మర్నాడో మంచం పట్టేస్తారు. రోజుల తరబడి లేవలేరు. నిద్రపోయినా ఒళ్ళు తేలిక పడదు. చెప్పబోయే మాట గుర్తు రాదు. లేచి నిలబడితే తల తిరుగుతుంది. ఇలా ఆరు నెలలకు పైగా ఉంటుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇంకా రాలేదు.

1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో ఇలాంటి జబ్బే వచ్చింది. అక్కడ పనిచేసేవాళ్ళే 292 మంది పడిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. పదిహేనేళ్ళ తర్వాత ఇద్దరు డాక్టర్లు ఆ పాత కాగితాలు చదివి, ఇది హిస్టీరియా అని రాశారు. అంటే మనసులో పుట్టిన రోగమని. ఆడవాళ్ళకు ఎక్కువగా రావడం కూడా వాళ్ళకు ఒక సాక్ష్యమే అయ్యింది! ఆ మాట ఎన్నో ఏళ్ళు రోగుల్ని వెంటాడింది. ఇది నిజమైన జబ్బేనని ఇప్పుడు డాక్టర్లు ఒప్పుకుంటున్నారు.

ఈ జబ్బున్న కొందరి రక్తం చూస్తే, ఇందాకటి నిప్పురవ్వల్లాంటి పదార్థాల జాడ ఎక్కువగా కనబడింది. అందుకే యాంటీ ఆక్సిడెంట్లు ఇచ్చి చూశారు. స్పెయిన్‌లో 207 మందితో ఒక పరిశీలన జరిగింది. దాని ఫలితం 2021లో వచ్చింది. కొందరికి రెండు రకాల మందులు కలిపి 8 వారాలు ఇచ్చారు. మిగతావాళ్ళకు మందు లేని ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చారు. మందు వాడినవాళ్ళకు మెదడు అలసట కొంత తగ్గింది. జబ్బు మాత్రం నయం కాలేదు. అదే ఏడాది ఇంగ్లండులో డాక్టర్లకు దారి చూపే సంస్థ, ఈ జబ్బును విటమిన్ బిళ్ళలు నయం చేస్తాయనడానికి తగిన రుజువు లేదని చెప్పింది.

పోనీ, వాడితే నష్టం ఏముంది? ఫిన్లాండ్ దేశంలో సిగరెట్ తాగే మగవాళ్ళు 29 వేల మందితో ఒక పరిశీలన చేశారు. కొందరికి బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు ఇచ్చారు. క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో లెక్క చూస్తే, ఆ బిళ్ళలు వాడినవాళ్ళకే ఊపిరితిత్తుల క్యాన్సర్ నూటికి 18 వంతులు ఎక్కువ వచ్చింది. క్యారెట్‌లో ఉన్నదీ బీటా కెరోటినే. క్యారెట్ తింటే ఏమీ కాదు. బిళ్ళలో మోతాదు ఎక్కువ.

విడవని అలసట జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. నిద్రకు, నొప్పులకు, తల తిరగడానికి డాక్టరు సాయం చెయ్యగలరు. ఒళ్ళు వంచితే అదే పోతుందని ఈ రోగి చేత పని చేయించకూడదు. రోజూ కొంచెం కొంచెం పని పెంచుతూ పోవాలని ఒకప్పుడు డాక్టర్లు కూడా చెప్పేవాళ్ళు. 2021లో ఇంగ్లండు సంస్థ ఆ పద్ధతిని వద్దంది. ఒళ్ళు ఎంత ఓర్చుకుంటుందో అంతే చెయ్యాలి. పడిపోయాక కాదు, పడిపోకముందే ఆగాలి. కూరగాయలు కూర్చుని తరగాలి. బట్టలు ఉతికిన రోజు ఇల్లు అలకడం ఇంకొకరు చెయ్యాలి. ఇది కుదరాలంటే ఇంట్లో మగవాళ్ళు కూడా బిందె ఎత్తాలి.

డాక్టరు దగ్గరికి పోయేముందు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసుకోవచ్చు. అలసట ఏ నెలలో మొదలైంది? అంతకుముందు జ్వరం వచ్చిందా? పని చేసిన మర్నాడు ఎలా ఉంటోంది? నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? వాడిన డబ్బా ఉంటే దాని పేరు కూడా రాసుకోవాలి. డబ్బానే చేతిలో పట్టుకెళ్తే ఇంకా మంచిది.