పారవేసే వస్తువులతో ఇంటి అందం

భోగినాడు తెల్లవారకముందే వీధిలో మంటలు లేస్తాయి. చిరిగిన చాపలు, అరిగిన చీపుళ్లు, విరిగిన బుట్టలు ఒక్కొక్కటే మంటలో పడతాయి. తిరువళ్లూరు జిల్లాలోని వెంగల్ వంటి ఊళ్లలో తెలుగువారి ఇళ్లముందూ తమిళుల ఇళ్లముందూ ఆ రోజు కనబడే దృశ్యం ఒక్కటే.

పూర్వం మంటలో పడినవి తాటాకు, వెదురు, నూలుగుడ్డ, కర్ర. అవి కాలి బూడిద అయ్యేవి. ఆ బూడిద పెంటకుప్పకు చేరి, అక్కడినుండి పొలానికి పోయేది. నేడు వాటితోపాటు ప్లాస్టిక్ బిందెలు, నైలాన్ చాపలు, పాత టైర్లు కూడా పడుతున్నాయి. వాటి పొగలో విషవాయువులు ఉంటాయి. 2018వ సంవత్సరం భోగినాడు చెన్నైలో ఈ పొగ మంచుతో కలిసి దట్టంగా కమ్ముకొన్నది. విమానాశ్రయంలో దారి కనబడక అనేక విమానాలు ఆలస్యమయినాయి. కొన్నింటిని వేరే ఊళ్లకు మళ్లించవలసివచ్చింది.

కాబట్టి భోగి ముందురోజు సాయంకాలం ఇంట్లో పాతసామాను పోగుచేసేటప్పుడే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇందులో నిజంగా పనికిరానిది ఏది?

ఒక ఇంటిలో జరిగినదనుకొందాం. పదేండ్ల పిల్ల ఒక చాటను మంటకుప్పలోకి విసరబోయింది.

“అవ్వా, దీనికి సందులు పడినాయి. నూకలన్నీ కారిపోతున్నాయి. పడేసేదా?”

“ఉండు పాపా! మెంతులు నానబెట్టినాను. రేపు అలుకుదాం.”

అవ్వ చెప్పిన ఈ పని మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. వెదురుచాటకు, గంపకు సందులు పడినప్పుడు కాగితమూ మెంతులూ కలిపి రుబ్బిన గుజ్జుతో అలికేవారు. ఆ గుజ్జుతోనే, వెదురు లేకుండా, పూర్తిగా కాగితపు బుట్టలు కూడా చేసేవారు. చేసే విధానం తెలుసుకొందాం.

పాత వార్తాపత్రికలను చిన్నచిన్న ముక్కలుగా చించి నీళ్లలో నానవేయాలి. రోజూ నీళ్లు మార్చుతూ ఉంటే రెండుమూడు రోజులకు ముక్కలు మెత్తబడి, సిరా కొంత వదలిపోతుంది. గుప్పెడు మెంతులను ఒక రాత్రి విడిగా నానబెట్టాలి. తరువాత కాగితాన్ని గట్టిగా పిండి, మెంతులతో కలిపి రోటిలో వేసి దంచి రుబ్బాలి. గారెలపిండి అంత గట్టిగా, కాగితపు అక్షరం ఒక్కటికూడా కనబడనంత మెత్తగా ఉండాలి. ఓపిక కావలసినది ఇక్కడే. సరిగా రుబ్బనిచో బుట్ట ఎండిన తరువాత పెళుసుగా పగులుతుంది.

ఒక బిందెనో, గిన్నెనో బోర్లించి, దానిపై తడిగుడ్డ కప్పాలి. గుడ్డపై ఈ గుజ్జును వేలిమందాన సమంగా మెత్తాలి. గుడ్డ లేకపోతే బుట్ట గిన్నెకే అంటుకొని ఊడిరాదు. మొదటిరోజు నీడలో ఆరనిచ్చి, తరువాత మూడునాలుగు రోజులు ఎండలో ఉంచాలి. మొదటే మండుటెండలో పెడితే పైభాగం తొందరగా ఎండి బీటలు వారుతుంది. బాగా ఎండిన తరువాత గిన్నెను తీసివేస్తే, అదే ఆకారంలో తేలికైన బుట్ట మిగులుతుంది. దానికి గంజితో తెల్లకాగితం అంటించి రంగులు వేస్తే చూడముచ్చటగా ఉంటుంది.

ఇది ఎలా నిలుస్తుంది? కాగితం చెక్కనార నుండి పుట్టినది. నానినప్పుడు ఆ నారపోగులు విడిపోతాయి. ఎండేటప్పుడు ఒకదానినొకటి అల్లుకొంటాయి. మెంతులలోని జిగురు ఆ పోగులను పట్టి ఉంచుతుంది. మెంతుల చేదు వలన పురుగులు తొందరగా దరిచేరవని పెద్దలు చెబుతారు. పూర్వం ఇటువంటి బుట్టలలో పిండి, పప్పు కూడా పోసేవారు. అచ్చుసిరాలోని రసాయనాలు ఆహారానికి మంచివి కావని నేడు మనకు తెలుసు. కాబట్టి వీటిలో పెన్సిళ్లు, దారపుఉండలు, ఉత్తరాలు పెట్టుకొంటే చాలును. తడి మాత్రం తగలరాదు.

చీరల సంగతి వేరు. పాత చీరలకు స్టీలుగిన్నెలు ఇచ్చే వ్యాపారి వీధిలోకి వస్తే, మూడు చీరలకు ఒక గిన్నె అని బేరం సాగుతుంది. జరీ ఉన్న పట్టుచీర అయితే, అందులోని వెండికోసం దానిని ప్రత్యేకంగా కొనేవారు ఉన్నారు. గిన్నె ఇంటికి అవసరమే కావచ్చు, కాదనలేము. అయితే అవ్వ చిన్ననాటి చీర గిన్నెగా మారిన తరువాత దానిని ఎవరూ గుర్తుపట్టలేరు. అదే చీర బొంత అయితే, “ఇది నా పెండ్లినాటి చీర అంచు” అని అవ్వ వేలుపెట్టి చూపించగలదు.

బొంత కుట్టడానికి రెండుమూడు మెత్తబడిన నూలుచీరలను ఒకదానిపై ఒకటి పరచి, ముడుతలు లేకుండా నాలుగువైపులా లాగి, ముందు పెద్దకుట్లతో నిలుపుకోవాలి. తరువాత అంచునుండి నడిమికి వరుసవరుసగా చిన్నకుట్లు వేయాలి. అందమైన అంచులను విడిగా కత్తిరించి చుట్టూ కుట్టితే బొంతకు చట్టం కట్టినట్లుంటుంది. బెంగాలులో ఇటువంటి దానినే కాంథా అంటారు. ఆ కుట్లతోనే పూలు, చేపలు, ఏనుగులు దిద్దుతారు. ఉత్తర కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు రంగురంగుల పేలికలతో కవుదులు కుడతారు. జపానులో పేదరైతులు అతుకుపై అతుకు వేసి వాడిన నీలిగుడ్డలను నేడు ప్రదర్శనశాలలలో భద్రపరుస్తున్నారు. పాలియెస్టరు చీరలు చెమటను పీల్చవు గనుక పరుపుపై పరచడానికి బాగుండవు. వాకిలి తెరలకు మాత్రం చక్కగా పనికివస్తాయి. పెండ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే పసుపు గుడ్డసంచులను రెండుమూడు వరుసలుగా ఒక పాతగుడ్డపై కుట్టి గోడకు తగిలిస్తే, పలకలు, దువ్వెనలు, కత్తెర పెట్టుకొనే అరలవుతాయి.

పగిలిన గాజుగాజులతో తోరణాలు చేయడం ఒకప్పటి ఆడపిల్లల ఆట. ముక్కను దీపపు మంటపై కాచి, మెత్తబడినప్పుడు వంచి, కొనలు కలిపి, దానిలో మరొక ముక్కను దూర్చి గొలుసుగా అల్లేవారు. గుమ్మానికి కట్టితే గాలికి గలగలలాడేది. ఈ పని పెద్దలు దగ్గర ఉన్నప్పుడే చేయాలి. గాజు చల్లారినట్లే కనబడుతుంది, తాకితే కాలుతుంది. ప్లాస్టిక్ గాజులను ఎన్నడూ మంటపై పెట్టరాదు.

విరిగిన గాజులతో ఒక తోటనే కట్టిన మనిషి ఉన్నాడు. ఆయన పేరు నేక్‌చంద్. చండీగఢ్ నగరాన్ని కొత్తగా కడుతున్న రోజులలో ఆయన అక్కడ రోడ్ల ఇన్‌స్పెక్టరు. నగరంకోసం ఖాళీచేయించిన పల్లెల శిథిలాలలోని పగిలిన కుండలు, పెంకులు, గాజులు, పింగాణీముక్కలు సైకిలుపై మోసుకొనిపోయి, 1957 ప్రాంతం నుండి అడవిలో రహస్యంగా బొమ్మలు చేయసాగాడు. అది ప్రభుత్వపు భూమి, అనుమతి లేదు. సుమారు పద్దెనిమిదేండ్ల తరువాత అధికారులు దానిని కనుగొన్నారు. పడగొట్టే ప్రమాదం వచ్చింది. కాని చూసినవారందరూ మెచ్చుకోవడంతో 1976లో దానిని ప్రజలకోసం తెరిచారు. ఆయనకు 1984లో పద్మశ్రీ లభించింది. 2015లో ఆయన మరణించాడు. ఆ రాతితోట నేటికీ ఉన్నది.

మన ఇంట్లో లేనిది తక్కువధరకు కొనుక్కోవచ్చు. చెన్నై సెంట్రల్ స్టేషను పక్కన 1900 నుండి ఉండిన మూర్ మార్కెట్ పాతపుస్తకాలకు, పాత గ్రామఫోన్లకు, గడియారాలకు పెట్టినపేరు. తిరువళ్లూరు రైలులో దిగినవారికి అది నాలుగడుగుల దూరం. 1985లో అది కాలిపోయింది. పాతవస్తువు కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కర్రవస్తువైతే వేలితో తట్టి, సన్నని పొడి రాలుతున్నదేమో చూడాలి. రాలితే లోపల పురుగు ఉన్నట్లే. దానిని ఇంట్లోకి తేరాదు. పాత రంగు పెచ్చులుగా లేస్తున్న వస్తువును పిల్లలు గీకరాదు. పాతకాలపు రంగులలో సీసం ఉండవచ్చు. ఇత్తడిచెంబు మూలపడి ఉంటే మాత్రం చింతపండుతో తోమి చూడండి. పూలు పెట్టడానికి అంతకంటె మంచి పాత్ర దొరకదు.

చాటకు రెండువైపులా గుజ్జు అలికి, రెండురోజులు ఎండలో పెట్టిన తరువాత, అవ్వ దానిలో బియ్యం పోయకుండా గోడకు ఆనించింది. పిల్ల తెల్లముగ్గుపిండిని నీళ్లలో కలిపి, వేలితో దానిపై మెలికలముగ్గు దిద్దింది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు దానిని సంతలో ఎంతకు కొన్నారని అడిగారు.