చెదరని కొలతలు

ప్రాచీన కట్టడాలు జాతి చరిత్రకు సజీవ సాక్ష్యాలు. అయితే ఎంతటి దృఢనిర్మాణమైనా కాలానికి తలవంచక తప్పదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో శ్రీకాళహస్తిలో కట్టించిన రాజగోపురం దాదాపు ఐదు శతాబ్దాలు నిలిచి, 2010 మే 26న కుప్పకూలింది. అనంతరం కొత్త గోపురం వెలసింది. కాని ఆనాటి పనివారి చేతిగుర్తులు మళ్లీ రావు. అందుకే కట్టడం నిలిచి ఉన్నప్పుడే దాని రూపాన్ని, కొలతలను భద్రపరచడం అవసరం.

ఈ కార్యంలో విద్యార్థుల పాత్ర కొత్తది కాదు. అమెరికా ప్రభుత్వం 1933లో చారిత్రక భవనాల సర్వేను ప్రారంభించింది. ఆర్థికమాంద్యం వల్ల పని కోల్పోయిన వాస్తుశిల్పులకు అది మొదట ఉపాధి కల్పించింది. తరువాతి కాలంలో వాస్తువిద్యార్థులు వేసవి సెలవులలో టేపులతో, నిచ్చెనలతో భవనాలను కొలిచి చిత్రాలు గీశారు.

నేడు ఆ పనికి లేజర్ స్కానర్ తోడైంది. ఈ యంత్రం నలుదిక్కులా కాంతికిరణాలను ప్రసరింపజేస్తుంది. గోడను తాకిన కిరణం తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని గణిస్తుంది. అలా లభించిన కోట్లాది బిందువులు కంప్యూటరులో కట్టడం ఆకృతిని సంతరించుకుంటాయి. ఒకచోటి నుండి కనిపించని భాగాలు మరొకచోటి నుండి కనిపిస్తాయి. కనుక స్కానరును పలుచోట్ల నిలిపి, ఆ ఫలితాలను జతపరుస్తారు. వాటి ఆధారంగా విద్యార్థులు అట్టతో, కొయ్యతో, లేదా త్రిమితీయ ముద్రణ యంత్రంతో నమూనాలు తయారుచేస్తారు.

ఈ శ్రమకు ఫలితమేమిటో పారిస్ నగరంలోని నోత్రదామ్ ప్రార్థనామందిరం నిరూపించింది. కళాచరిత్ర ఆచార్యుడు ఆండ్రూ టాలన్ 2010లో ఆ మందిరాన్ని స్కాన్ చేసి, వంద కోట్లకు పైగా బిందువులను నమోదు చేశాడు. ఆయన 2018లో మరణించాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 15న అగ్నిప్రమాదంలో మందిరపు పైకప్పు, శిఖరం కాలిపోయాయి. ఆయన మిగిల్చిన కొలతలు పునర్నిర్మాతలకు తోడ్పడ్డాయి. 2024 డిసెంబరులో మందిరం తిరిగి తెరుచుకుంది.

అయినా యంత్రం కొలవగలదే గాని, వివరించలేదు. గోడలోని వంకర శిల్పి ఉద్దేశించినదో, పునాది కుంగగా ఏర్పడినదో అది చెప్పదు. ఏ రాయి మొదటిదో, ఏది తరువాత అతికినదో గుర్తించవలసినది విద్యార్థియే. నమూనా చేయబూనినపుడు ఏ దూలం దేనిపై ఆనినదో తెలియక ముందుకు సాగలేడు. ఆ విధంగా నమూనా నిర్మాణం అతనికి ప్రాచీనుల నిర్మాణ విజ్ఞానాన్ని బోధిస్తుంది.

ప్రతి గ్రామంలోనూ ఒక పాత గుడియో, మసీదో, కోనేరో, బురుజో ఉంటుంది. వాటన్నిటినీ కూలకుండా ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. కాని వాటి కొలతలు చెదరకుండా కాపాడడం నేటి యువతకు సాధ్యమే.