పసుపు ఎవరి సొత్తు?



మా భీమ్‌గల్ వైపు సంక్రాంతి దాటిందంటే చాలు, ఎటు పోయినా పసుపు ఉడికే వాసనే. తవ్విన పసుపును ఉడకబెట్టడం, కల్లంలో ఎండబెట్టడం, మెరుగు పెట్టడం, కొమ్ము వేరు మండ వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలడం, అందరికీ ఇదే పని. ఆ పసుపే పొడి అయి పట్నంలో మీ పోపుల డబ్బాలోకి చేరుతుంది. పిల్లవాడు పడి మోకాలు చెక్కుకుపోతే మన చెయ్యి ముందుగా పోయేది ఆ డబ్బా మీదికే కదా!

మరి "గాయానికి పసుపు వాడే హక్కు మాది, మమ్మల్ని అడిగి వాడండి" అని ఎవరైనా అంటే? నవ్వులాట కాదు. 1995 మార్చిలో అమెరికాలో అటువంటి హక్కే ఇచ్చారు. మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకులు, ఇద్దరూ మన దేశ మూలాలున్నవారే, గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద అక్కడ పేటెంట్ పొందారు.

ఈ సంగతి ఒకసారి మా అత్తమ్మకు చదివి వినిపిస్తే ముక్కున వేలేసుకుంది. "గాయానికి పసుపు పెట్టుడు మా అవ్వ చెప్పింది, మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పింది. గండ్ల కొత్తగ కనిపెట్టిందేముంది బిడ్డా?" అంది. చూడబోతే పేటెంట్ చట్టం అడిగే ప్రశ్న కూడా అదేనండీ.

నిజంగా కొత్త వస్తువునో కొత్త పద్ధతినో కనిపెట్టినవారు దాని వివరాలన్నీ బయటపెడితే, అందుకు బదులుగా ప్రభుత్వం కొంతకాలం ఒక హక్కు ఇస్తుంది. వారి అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని చేసి అమ్మకూడదు. అదే పేటెంట్. మన దేశంలో దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 ఏళ్ళు. కథ రాసినవారికి కాపీరైటు, సరుకు పేరుకు ట్రేడ్‌మార్కు ఉన్నట్టే ఇదీను. వీటన్నిటినీ కలిపి మేధో సంపత్తి హక్కులంటారు; తెలివితో సంపాదించిన ఆస్తి అన్నమాట. పేటెంటుకు మొదటి షరతు కొత్తదనం. ఊరంతా ఎరిగినది కొత్తదెట్లా అవుతుంది?

ఇక్కడే ఉంది మెలిక. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం, పరాయి దేశంలో జనం నోటిమాటగా ఎరిగి ఉంటే చాలదు, అది అచ్చులో కనబడాలి. అంటే మా అత్తమ్మ సాక్ష్యం చెల్లదు! అందుకని 1996లో మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ, డాక్టర్ మషేల్కర్ అధిపతిగా ఉండగా, ఆ పేటెంటును సవాలు చేసి, పాత గ్రంథాలూ పత్రికలూ వెతికి 32 ఆధారాలు పంపింది. భారత వైద్య సంఘం పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసం అందులో ఒకటి. ఇందులో కొత్తదనం లేదని 1997 ఆగస్టులో అమెరికా పేటెంట్ ఆఫీసే ఒప్పుకుంది.

మనల్ని గెలిపించింది రాత. అది గ్రహించే 2001లో ఆయుర్వేదం, యునానీ వంటి వైద్యాల గ్రంథాల్లోని యోగాలను కంప్యూటర్లలోకి ఎక్కించే పని మొదలుపెట్టారు. పేటెంట్ అధికారులు చూసుకునేందుకు వీలుగా ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో పెట్టారు. బాగుంది. మరి గ్రంథాలకెక్కకుండా మన నోళ్ళలోనే ఉన్న విద్య సంగతేమిటి?

నా తప్పే చెబుతాను. మా అత్తమ్మ బాలింతలకు కాయం చేసేది. దినుసులు అడిగితే ఏడు చెప్పి, "ఎనిమిదోది చేసేటప్పుడు చూపిస్తలే" అనేది. చూద్దాంలే అని నేనూ ఊరుకున్నాను. ఆమె పోయి నాలుగేళ్ళయింది. మొన్న మా ఆడబిడ్డ కూతురి కాన్పుకు కాయం చేయబోతే ఆ ఎనిమిదోది మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. దాన్ని ఎవరూ దొంగిలించలేదు, చేతులారా మేమే పోగొట్టుకున్నాం.

అందుకే ఈ వారమే ఒక నోటుబుక్కు తీయండి. మీ ఇంటి మందు, దినుసులు, కొలతలు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ తేదీన రాశారో అన్నీ రాయండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో ఇందుకు ఒక కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊళ్ళో ఉందా అని అడగండి. అయితే ఒక్క జాగ్రత్త. మీరు నిజంగా కొత్తదేదైనా కనిపెట్టి ఉంటే మాత్రం, పదిమందికీ చెప్పకముందే పేటెంటుకు దరఖాస్తు పెట్టుకోవాలి. చెప్పాక కొత్తదనం పోతుంది.

ఊరి పేరుకూ హక్కుందండోయ్. 2003లో అమలైన జి.ఐ. చట్టం కింద మొదట్లోనే గుర్తింపు పొందినవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. మిల్లులో అచ్చు వేసిన చీరను పోచంపల్లి అని అమ్మితే నేతగాడి కూడు పోయినట్టే. కొనేముందు చీర తిప్పి చూడండి. దారానికే రంగు అద్ది నేస్తారు గనుక అసలు ఇక్కత్‌కు రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసినదానికి వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది.

పెద్దవాళ్ళున్న ఇళ్ళవారు రేపటికి వాయిదా వేయకండి. ఎనిమిదో దినుసు ఇవాళే అడిగి రాసుకోండి. సెలవు.