కామెర్ల వెనుక పొంచివున్న రాచపుండు

మాచర్లకు చేరువలో చంద్రవంక 70 అడుగుల ఎత్తునుంచి దూకే ఎత్తిపోతలకు మా విద్యార్థులను విహారయాత్రకు తీసుకువెళ్ళాను. ఒకడు వాగునీళ్ళు దోసిట పట్టబోగా పక్కవాడు వారించాడు: "తాగకురా! కామెర్లొస్తాయి. అవి ముదిరితే రాచపుండవుతుందట!"

"నిజమేనా, మాస్టారూ?" అని అందరూ నావైపు తిరిగారు.

నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా చదివి తెలుసుకున్నంతలో, ఆ మాటలో సగం నిజమున్నది.

కామెర్లన్నీ ఒకటి కావు. కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వచ్చే 'ఎ', 'ఇ' రకాల వైరస్‌లు బాధపెట్టినా కేన్సరుకు దారితీయవు. రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా, కాన్పులో తల్లినుంచి బిడ్డకు సోకే 'బి' రకం అలాంటిది కాదు. రక్తం ద్వారా సోకే 'సి' కూడా అంతే. ఇవి కాలేయంలో ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా కాపురం చేస్తాయి. క్రమంగా కాలేయం గట్టిపడి, కొందరిలో కేన్సరు పుడుతుంది. కళ్ళు పచ్చబడకుండానే యిదంతా జరగవచ్చు! పచ్చదనం తగ్గగానే పసరుమందు పనిచేసిందని సంతోషించేవారు యీ సంగతి గమనించాలి. ఏ రకమో తేల్చేది రక్తపరీక్షే.

జీర్ణకోశం మాటేమిటి? 1964లో ఎప్‌స్టీన్, బార్ ప్రభృతులు కనుగొన్న వైరస్ జీర్ణకోశపు కేన్సర్లలో నూటికి సుమారు పదింటిలో కనబడుతున్నది. కాని పెద్దవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఆ వైరస్ వుండనే వుంటుంది. కనుక అది వున్నంతమాత్రాన భయపడనక్కరలేదు.

'బి' వైరస్ జాడను 1960లలో కనిపెట్టిన బ్లంబర్గ్ పండితుడికి 1976లో నోబెల్ బహుమానం వచ్చింది. టీకా కూడా వచ్చింది. కాని అప్పట్లో మన దేశంలో దిగుమతి టీకా వెల వందల రూపాయలుండేది! నెల్లూరు జిల్లావారైన వరప్రసాదరెడ్డిగారు 1993లో తల్లి పేర హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ నెలకొల్పి, 1997లో స్వదేశీ టీకాను చౌకగా అందించారు. చదువుకు ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు!

టీకా ఫలమేమిటో తైవాను చూపించింది. 1984లో అక్కడ పసిబిడ్డలకు టీకాలు మొదలుపెట్టిన తర్వాత పిల్లల్లో కాలేయపు కేన్సరు బాగా తగ్గింది.

పుట్టుకలో యీ వైరస్ సోకిన శిశువుల్లో నూటికి తొంభైమందిలో అది తిష్ఠవేస్తుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలోపే. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి టీకా పడాలి. ప్రభుత్వాసుపత్రిలో యిది ఉచితం. బారసాలకు ముహూర్తం చూడండి. టీకాకు మాత్రం చూడకండి!