పసిపలుకు - పెద్దల కలం

పరిణతి లేకపోవడం రచనకు లోపమని సాధారణంగా అంటారు. కాని తెలిసి తెలిసి పసితనాన్ని ఆశ్రయించిన రచయితలూ కలరు. అమెరికను రచయిత జె.డి. శాలింజర్ 1951లో ప్రకటించిన ‘ది కాచర్ ఇన్ ది రై’ నవలలో, బడినుంచి వెళ్ళగొట్టబడిన హోల్డెన్ తన పదహారవ యేటి కథను తానే చెప్పుకొంటాడు. పెద్దల లోకమంతా నటన అని అతని తీర్పు. అది పూర్తిగా న్యాయం కాదని పాఠకునికి తోస్తూనే ఉంటుంది. రచయిత మాత్రం నడుమ వచ్చి దిద్దడు. ఆ నిగ్రహమే అతని కళ.

తెలుగులో ఇట్టి కళకు ఉదాహరణ ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’. 1956-57లలో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో బాపు బొమ్మలతో వెలువడింది. హోల్డెన్ పెద్దవాడు కావడానికి వెనుదీస్తాడు. బుడుగో, తాను ఇదివరకే పెద్దవాణ్ణయ్యానని నమ్ముతాడు. ప్రైవేటు మాస్టారు అతని నోట ‘పైవేటు మేష్టారు’ అవుతాడు. మనం ఎర్రసిరాతో కొట్టివేసే తప్పే అక్కడ శైలి అయింది.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమిది. శబరి ఒడ్డునున్న చింతూరు ప్రాంతంలో ఇంట కోయభాష మాట్లాడే బిడ్డ బడిలో పలికే తెలుగు వేరుగా ఉండవచ్చు. అది అపరిణతి కాదు, మరొక భాష పెట్టిన ముద్ర. అయినా దానినీ తప్పుగానే వినడం మనకు అలవాటు. దిద్దవద్దని కాదు. దిద్దేముందు, ఆ బిడ్డ ఏమి చూచి ఆ మాట అన్నదో వినాలి. రమణ అట్లా విన్నాడు కనుకనే మనకు బుడుగు దక్కాడు.