కథయు కరవుసీమయు

కడపజిల్లా యనఁగనే వేటకొడవలిని, నాటుబాంబును చూపు చలనచిత్రములు పెక్కు వచ్చినవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల జనులు కొట్లాటలలో గడపిన దినములకంటె మబ్బువంక చూచుచు, వడ్డీ లెక్కించుకొనుచు గడపిన దినములే యెక్కువ. ఆ దినములను వ్రాయు కథకులు మనకుఁ గావలయును.

ఎట్లు వ్రాయవలయును? ప్రొద్దుటూరి బంగారు బజారులో పుస్తెను కుదువపెట్టు రైతుభార్యను 'దీనురాలు' అనినచో కథ యక్కడనే చచ్చినది. తూకమునకు ముందు పసుపుత్రాటి ముడి విప్పు ఆమె వ్రేళ్లను చూపినఁ జాలును. మన చదువరులలో అప్పిచ్చువారును గలరు. వారికిఁ గూడ ఆ వ్రేళ్లు కనఁబడవలయును.

ఈ జిల్లాలోని రంగశాయిపురమున 1939లో జన్మించి 2023లో గతించిన కేతు విశ్వనాథరెడ్డిగారు కడప యూళ్ల పేర్లపై పరిశోధనము చేసిరి. ఊరిపేరులో చెరువు, చెట్టు, కులము, తాత దాఁగియుండును. వాని నన్నిటిని విప్పి చూచిన చెవికి, ఏ పాత్ర యేమాట పలుకునో వేఱొకరు చెప్పవలయునా? వారి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. పులివెందుల ప్రాంతపు పైడిపాలెమువారగు రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 1968లో కడపనుండి 'సంవేదన' పత్రికను వెలువరించి, పెద్ద పేర్లకు జంకక విమర్శించిరి. అట్టి విమర్శకుఁడు పుట్టిన సీమలో కథకుఁడు కొలఁది మీఱి కన్నీరు కార్పింప వెఱచును, అది మేలే.

పాత్రలు సీమపలుకే పలుకవలయును. గ్రాంథికమున వ్రాయుచు మేమీ మాట చెప్పుటకు నవ్వువారు నవ్వుదురుగాక! జమ్మలమడుగు రేగడిలో విత్తిన సెనగ మొలవని యేట, పులివెందుల పల్లెలో బోరుబావి యెండిన రాత్రి, ఇంటిలో నేమి మాటలాడుకొందురో వినిన యువకులు వ్రాసి పంపినచో, ఈ పుటలో చోటు సిద్ధముగా నున్నది.